కూర్మయ్య ఎర్ర తొడుగు

బెంగాల్లోని ఖిదిర్‌పూర్ ఓడల రేవుగోడ పక్కనున్న తెలుగు బస్తీలో గంగమ్మ పండగంటే కూర్మయ్య తప్పెటే. అమ్మవారి ఘటం గుడిలోంచి బయటికి రాకముందే ఆయన రేకు తప్పెటను ఛాతీకి ఆనించి, రెండు అరచేతులతో ఒక్క దరువు వేసేవాడు. ఆ దెబ్బకి గొందిలో పడుకున్న కుక్కలు లేచి కూర్చునేవి. ఉల్లిపాయలు తరుగుతున్న ఆడవాళ్ళు కత్తిపీటలు వదిలి గుమ్మాల్లోకి వచ్చేవారు. పక్క గొందిలోని బెంగాలీ ముసలమ్మ ఒకామె, మన పాటలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఏటేటా ఒక కొబ్బరికాయ పట్టుకొచ్చి, "కూర్మో మొదలెట్టాడా?" అని అడిగి, ఎండలో నిలబడి చివరిదాకా వినేది.

తప్పెటగుళ్ళు చూడనివారికి ఒక మాట చెప్పాలి. అది కర్రతో కొట్టే డప్పు కాదు. గుండ్రని ఇనపరేకు వాయిద్యం. తాడు కట్టి, మెడలోంచి రొమ్ము మీదికి వేలాడదీసుకోవాలి. కాళ్ళకు గజ్జెలు కట్టి గంతులేస్తూ, నోటితో పాడుతూ, చేతులతో గుండెల మీదే వాయించాలి. వాయించినంతసేపూ రేకు ఎముకకు తగులుతూనే ఉంటుంది. ముందు నిలిచి పాట ఎత్తేవాడికి గొంతు, కాలు, ఛాతీ మూడూ ఇనుమై ఉండాలని పెద్దలనేవారు. కూర్మయ్యకి మూడూ ఉండేవి.

ఆయన శ్రీకూర్మం దగ్గర పల్లెలో గొల్లవారింట పుట్టాడు. గొర్రెల వెంట తిరుగుతూనే తండ్రి దగ్గర తప్పెట నేర్చాడు. మీసాలు రాకముందే మేనమామ వెంట రైలెక్కి హౌరాలో దిగాడు. ఓడలు ఆగే డాకులో మొదట బొగ్గు మోశాడు. తర్వాత ఓడల్లోంచి బరువులు ఎత్తే వించి తిప్పాడు. జనపనార బేళ్ళు, బియ్యం బస్తాలు, రైలుపట్టాలు, ఏవైనా సరే, ఆయన మీట పట్టాడంటే పిల్లను ఉయ్యాల్లో దింపినట్టు దింపేవాడని కింద నిలబడే కూలీలు చెప్పుకునేవారు. భార్య దాలమ్మ బజారులో ఎండుచేపలు అమ్మేది. దాలమ్మ తమ్ముడు గవరయ్య కూడా డాకు మనిషే, మేళంలో కూర్మయ్య పక్క తప్పెట. బావా బావమరుదులిద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండా టీ తాగిన పొద్దు లేదు.

బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి పదిహేనేళ్ళు దాటిన రోజుల్లో కూర్మయ్యకి ఆ బాధ మొదలైంది. మూత్రం రాదు. వచ్చినా ఆగి ఆగి వస్తుంది. తెల్లారితే బస్తీ మగవాళ్ళంతా మరుగుదొడ్ల ముందు చెంబులతో వరస కడతారు. లోపలికి వెళ్ళిన కూర్మయ్య ఎంతకీ బయటికి రాడు.

"బావా! లోపల వించి తిప్పుతన్నావేటి? సరుకు దిగనేదా?" అని గవరయ్య అరిచేవాడు.

వరసంతా నవ్వేది. కూర్మయ్యా లోపల్నించి నవ్వేవాడు. బయట బల్లియా నుంచి వచ్చిన హిందీ కూలీ ఒకడు మాత్రం నవ్వేవాడు కాదు. కూర్మయ్య రావడం చూస్తే చాలు, తన చెంబు పక్కకి జరిపి, "మీరు పోండి దాదా, నాకు తొందర లేదు" అని చోటిచ్చేవాడు. వాడికి రోజూ తొందరే, డ్యూటీ బూరా కూసే వేళ. ఆ చిన్న మేలు కూర్మయ్య బతికున్నంతకాలం తలుచుకున్నాడు.

తర్వాత నడుములో నొప్పి చేరింది. దాలమ్మ పోరగా పోరగా పెద్దాసుపత్రికి వెళ్ళాడు. చెప్పుకోలేని చోట పరీక్షలు చేశారు, సూదితో ముక్క తీశారు, ఎముకలకు ఫొటోలు తీశారు. చివరికి సేన్‌గుప్త అనే కుర్ర డాక్టరు ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడి చెప్పాడు.

"కాకా, మగవాడికి మూత్రపు సంచి కింద ఒక చిన్న గ్రంథి ఉంటుంది. నీకు అక్కడ కేన్సరు పుట్టింది. ఎముకల్లోకి పాకింది. నడుము నొప్పి అందుకే."

"పోతాదా బాబూ?"

"అబద్ధం చెప్పను. పూర్తిగా పోదు. నిద్రపుచ్చగలం. మగవాడిని మగవాడిగా ఉంచే హార్మోను ఒకటుంది చూడు, అదే ఆ జబ్బుకి తిండి. ఆ తిండి చాలావరకు వృషణాల్లోనే తయారవుతుంది. వాటిని తీసేస్తే తిండి ఆగుతుంది, జబ్బు పడుకుంటుంది. చిన్న ఆపరేషను. వద్దంటే ఆడవాళ్ళ హార్మోను మాత్రలిస్తాను. వాటికి ఛాతీ వాస్తుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయమూ ఉంది. కొత్తగా ఇంజెక్షన్లు వచ్చాయిగాని ఇక్కడ మా దగ్గర దొరకవు."

కూర్మయ్య ఆపరేషను మాట సగంలోనే చెవి మూసుకున్నాడు. మాత్రలైతే జేబులో పడతాయి, ఎవరికీ కనిపించవు. "మాత్రలే ఇయ్యి బాబూ" అన్నాడు. ఇంకెవరికీ చెప్పకూడదని వెంట వచ్చిన దాలమ్మ చేత దారిలోనే ఒట్టు వేయించుకున్నాడు.

మాత్రలు పని చేశాయి. నడుము నొప్పి తగ్గింది, మరుగుదొడ్డిలో ఆలస్యం తగ్గింది. కానీ పౌష మాసం చలిలో, గొందిలో అందరూ కంబళ్ళు కప్పుకుని నిప్పుల చుట్టూ కూర్చున్నవేళ, కూర్మయ్యకి ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ లేచేది. మొహం ఎర్రబడేది, బనీను తడిసి ముద్దయ్యేది. ఒకనాడు సాయంత్రం అలా చెమటలు కక్కుతూ గుమ్మంలో కూలబడితే, దాలమ్మ చేపలబుట్ట దించి ఒక్క క్షణం చూసి, కిసుక్కున నవ్వింది.

"ఏటే, నాను సస్తంటే నవ్వుతున్నావు?"

"సావు కాదు మావా. ఆవిర్లు. నాకు ముట్లుడిగిపోయినప్పుడు ఇయ్యే వొచ్చినాయి. బజార్లో బుట్ట ముందర కూకుని అచ్చం ఇలాగే తడిసీదాన్ని. రెండేళ్ళు. ఏటైందే అని నువ్వొక్కనాడు అడిగినావేటి?"

ఆమె విసనకర్ర తీసి విసరడం మొదలెట్టింది. కాసేపయ్యాక ఆయన ఆమె చేతిలోంచి విసనకర్ర లాక్కుని, ఒకసారి ఆమె వైపు, ఒకసారి తన వైపు విసురుకున్నాడు. ఆ చలిలో ఆమెకి గాలి అక్కర్లేదు. అయినా వద్దనలేదు.

సెగలు ఇంట్లో దాచుకోవచ్చు. ఛాతీ దాగలేదు. రొమ్ములు ఆడపిల్లకి వచ్చినట్టు ఉబ్బి, చొక్కా తగిలినా సలిపేవి. పండగ దగ్గరపడి మేళం సాధకం మొదలైంది. తప్పెట మెడలో వేసుకుని మొదటి దరువు వేయగానే కూర్మయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ లాగేసుకున్నాడు.

"ఏటి బావా, పాలిస్తన్నావేటి?" అన్నాడు గవరయ్య.

తెలియక వేసిన ఎకసెక్కమే అది. కానీ మేళమంతా పగలబడి నవ్వింది. ఆ ఏడు కూర్మయ్య పండగకి దరువు మెల్లగా వేసి, గొంతుతో నెట్టుకొచ్చాడు. జనం "కూర్మయ్య ముసిలోడైపోనాడు" అనుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పండగ దాటిన మర్నాడు గవరయ్యని రేవుగోడ వారకి ఈడ్చుకెళ్ళి, మాత్రల పొట్లం చేతిలో పెట్టి, సంగతంతా చెప్పేశాడు.

గవరయ్య మొహం పాలిపోయింది. "ఆడోళ్ళ మందు మింగుతన్నావా బావా" అని మాత్రం అనగలిగాడు. తర్వాత చెయ్యి పట్టుకుని తిన్నగా వెంకటరత్నం కొట్టుకి తీసుకుపోయాడు.

వెంకటరత్నం బజారు వెనక గాజు సీసాల కొట్టు పెట్టుకున్న మనవాడే. వేళ్ళు, చూర్ణాలు, తీపి గుళికలు అన్నీ కలిపి వైద్యం చేసేవాడు. దగ్గుకి, గజ్జికి, కడుపునొప్పికి బస్తీ అంతా ఆయన దగ్గరికే పోయేది. మాట తియ్యన, చెయ్యి చల్లన. లేనివారికి ఊరికే మందిచ్చిన రోజులూ ఉన్నాయి. కూర్మయ్య చెప్పింది విని తల పంకించాడు.

"ఒళ్ళంటే త్రాసండి కూర్మయ్యగారూ. ఒక పళ్ళెంలో మగ హార్మోను, ఒక పళ్ళెంలో ఆడ హార్మోను. మీకు మగ పళ్ళెం తేలిపోయింది. అందుకే మూత్రం బిగిసింది, అందుకే ఛాతీ వాచింది. దానికి ఆడ హార్మోను పోస్తే తూకం ఎలా నిలుస్తుంది? కత్తి పెట్టిస్తే జబ్బు ఒళ్ళంతా చిందుతుంది. మగబలం పెంచే చూర్ణం ఇస్తాను. పాలలో వేసుకోండి. తూకం దానంతట అదే సరిపడుతుంది."

ఆయన మోసగాడు కాడు. తనూ పొద్దున్నే ఆ చూర్ణమే తాగేవాడు. నమ్మి చెప్పినవాడి మాట అబద్ధం చెప్పేవాడి మాటకన్నా తొందరగా తలకెక్కుతుంది. అందులోనూ ఆ మాట కూర్మయ్య వినాలనుకున్న మాట. మాత్రల పొట్లం గంగలో విసిరేశాడు. దాలమ్మకి చెప్పలేదు. ఇంట్లో మాత్రలుండే సీసాలో సున్నపు బిళ్ళలు పోసి ఉంచాడు, అడిగితే చూపించడానికి.

కొన్నాళ్ళు అంతా బాగానే ఉంది. సెగలు పోయాయి. ఛాతీ సలుపు తగ్గింది. కూర్మయ్య మీసం దువ్వుకుని, వించి మీద కూర్చుని పాటలు పాడాడు. గవరయ్య కనబడిన ప్రతివాడితో "మా బావని సూసినావా, మళ్ళీ కోడెలాగున్నాడు" అనేవాడు. జబ్బు పేరు ఎత్తకుండా వెంకటరత్నం చూర్ణాన్ని మెచ్చుకునేవాడు.

వానలు పట్టాక నడుము మళ్ళీ పట్టుకుంది. ఈసారి నొప్పి తొడల్లోకి దిగింది. తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒకనాడు వించి మెట్లెక్కుతూ సగంలో కాలు తనది కాదన్నట్టు మడత పడింది. కింద పడిపోయేవాడే. కింద నిలబడ్డ కూలీ భుజమిచ్చి పట్టుకున్నాడు. మరుగుదొడ్డి దగ్గర చోటిచ్చే ఆ బల్లియావాడే. ఇంటిదాకా మోసుకొచ్చి, నులకమంచం మీద దింపి, మంచినీళ్ళయినా తాగకుండా డ్యూటీకి పరిగెత్తాడు.

ఆ మధ్యాహ్నమే దాలమ్మ మంచం కింద చూర్ణం డబ్బా పట్టుకుంది. మాత్రల సీసా తీసి, ఒక బిళ్ళ నాలిక మీద వేసుకుంది. సున్నం. ఆమె తిట్టలేదు. డబ్బా, సీసా రెండూ కొంగున మూట కట్టి, రిక్షా పిలిచింది.

సేన్‌గుప్త డబ్బా మూత తీసి వాసన చూసి, కూర్మయ్య కాళ్ళు పట్టి కదిపి చూశాడు. మొహంలో నవ్వు లేదు.

"ఇందులో ఏముందో నాకు తెలీదు కాకా. కానీ మగబలం పెంచే మందని నువ్వే అంటున్నావు. అదే నిజమైతే, ఆర్పాల్సిన బాయిలర్లోకి పారతో బొగ్గు వేశావు. అది కాకపోయినా మాత్రలు మానేశావుగా, అది చాలు. జబ్బు వెన్నెముకని నొక్కుతోంది. ఆలస్యమైతే కాళ్ళు పోతాయి. నీ కాళ్ళ వాపు చూస్తే ఇక మాత్రలివ్వడానికి నాకు ధైర్యం లేదు. ఆపరేషనే."

దాలమ్మ అడిగింది: "పథ్యం, కషాయం, ఏటైనా పనికొస్తాదా బాబూ? నాను అంబలి కాస్తాను, తులసి ఏస్తాను."

"అన్నీ చెయ్యమ్మా. అంబలి తాగించు, నడిపించు, పాడించు. ఒంటికి బలం, మనసుకి ఊరట. మందుకి తోడుగా చెయ్యి, మందుకి బదులుగా మాత్రం చెయ్యకు."

కబురు విని గవరయ్య వార్డులోకి పరిగెత్తుకొచ్చాడు. మంచం అంచున కూర్చుని, పక్కవాళ్ళకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"బావా, ఒద్దు. ఇంటికి పోదాం పద. ఊరెల్లి సిమ్మాద్రప్పన్నకి మొక్కుదాం. నువ్వు కోడెలాటి మనిసివి. ఇత్తులు కొట్టించుకుని ఎద్దైపోతావేటి? రేపు మేళంలో ముందు ఎలాగ నిలబడతావు?"

కూర్మయ్య తల పక్కకి తిప్పాడు. ఎదురు మంచం దగ్గర వార్డు ఆయా ఒక ముసలాయనకి ఒళ్ళు తుడుస్తోంది. తెర లేకపోతే తన చీర కొంగే తెరలా చాపి పట్టుకుని తుడుస్తోంది. ఆయన సిగ్గు ఆయనకి దక్కాలని. అది చూస్తూ కూర్మయ్య మెల్లగా లేచి కూర్చున్నాడు. గొంతు తగ్గించలేదు. వార్డంతా తెలుగు విన్నది.

"ఒరే గవరయ్యా. మన తాతలు తిన్న గింజ ఎవుడు దున్నితే పండింది? ఆంబోతు దున్నిందేటి? ఆంబోతు ఊరిమీద పడి సేలు మేసింది. దున్నింది ఎద్దు. బండి లాగింది ఎద్దు. ఏరువాకనాడు మీ అయ్య పసుపు రాసి, బొట్టెట్టి, దండమెట్టింది ఎద్దుకా ఆంబోతుకా? సెప్పరా!"

గవరయ్య మంచం అంచు మీంచి లేచాడు.

"ఎద్దునే అవుతాను. అయి, నీకంటే ముందే దున్నుతాను. పో, ఆ డాక్టరుబాబుని పిలు."

దుర్గాపూజ పందిళ్ళు విప్పుతున్న రోజుల్లో ఆపరేషను అయింది. వారం తిరక్కుండా నడుము నొప్పి తాడు తెంపినట్టు వదిలింది. కాళ్ళలో కదలిక మెల్లగా వచ్చింది. దాలమ్మ అంబలి తాగిస్తూ, గొంది ఈ చివర నుంచి ఆ చివరకి చెయ్యి పట్టుకుని నడిపించేది. సెగలు మళ్ళీ వచ్చాయి. ఈసారి కూర్మయ్య గుమ్మంలోకే వచ్చి కూర్చుని, చొక్కా విప్పి, అందరి ముందూ విసురుకునేవాడు. "ఏటి కూర్మయ్యా, చలిలో ఈ చెమట?" అని ఎవరైనా అడిగితే "ఆవిర్లు. మీ ఇంట్లో ఆడోళ్ళని అడుగు, సెప్తారు" అనేవాడు.

అలా దాపరికం పోయింది. పోయాక మాటలు పుట్టాయి. వైశాఖం వస్తూనే గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. గుడి చూసుకునేది గురువులు అనే ఆయన, వయసులోనూ మాటలోనూ పెద్ద. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కూర్మయ్య మీద నాకు కోపం నేదు. కానీ అమ్మోరి ముందు అంగలోపం ఉన్నోడు పాట ఎత్తకూడదు. పోతునైనా మచ్చ నేనిదే బలి ఇస్తాం గదా. ఈ ఏడు గవరయ్య ముందు నిలబడతాడు."

గవరయ్య తల వంచుకున్నాడు. కూర్మయ్య నోరు తెరిచేలోగా ఆడవాళ్ళ గుంపులోంచి దాలమ్మ ముందుకు వచ్చింది.

"గురువులు మావా, ఒక్కమాట. మీ పెద్దగుంటడికి అమ్మోరు పోసినప్పుడు నువ్వు మొక్కుకున్నావు. సీర కట్టి, గాజులేసుకుని, బొట్టెట్టుకుని, ఇంత మీసంతోటి ఈ గొందంతా జోలె పట్టి అడుక్కున్నావు. నా సేతితోనే నీకు గుప్పెడు బియ్యం ఏసినాను. ఆనాడు గంగమ్మ మొగం తిప్పుకుందేటి?"

గొంది గొల్లుమంది. గురువులు కూడా నవ్వు ఆపుకోలేక మీసం సవరించుకున్నాడు. "అది ఏసం దాలమ్మా. ఇది..."

"ఇదీ అమ్మోరు ఏసిందే" అన్నాడు కూర్మయ్య లేచి నిలబడి. "నాను పండగనాడు తప్పెట ఎత్తుతాను. తల్లికి ఇష్టం నేకపోతే ఆవిడే నా గొంతు ఆపుతాది. మీరాపక్కర్లేదు."

సభ తేలకుండానే లేచింది. ఇంటికొచ్చి కూర్మయ్య తలుపు దగ్గరికి వేసి తప్పెట మెడలో వేసుకున్నాడు. మాత్రలప్పుడు వాచిన ఛాతీ అలాగే ఉండిపోయింది. దరువు వేస్తే రేకు సూదిలా దిగింది. పెద్దల్ని కాదనగలడు. ఇనుముని ఎలా కాదనడం? పాత చీర మడతపెట్టి కట్టుకుంటే గంతుకి జారిపోయింది.

మర్నాడు బజారులో దర్జీ ఇద్రీస్ మియా దగ్గరికి వెళ్ళాడు. మియా మిషను తొక్కడం ఆపి విన్నాడు. ఎందుకనీ ఏమైందనీ అడగలేదు. కొలతలు తీసేటప్పుడు టేపు చల్లగా తగులుతుందేమోనని రెండు చేతుల మధ్య రాసి వెచ్చబెట్టి, తేలిగ్గా ఆనించాడు. రెండ్రోజుల్లో తెల్లగుడ్డలో దూది పెట్టి, అడ్డంగా నిలువుగా కుట్లు వేసి, రవికలాంటి చేతుల్లేని తొడుగు కుట్టిచ్చాడు. "చొక్కా లోపల వేసుకోండి దాదా. ఎవరికీ కనబడదు" అన్నాడు.

కూర్మయ్య ఇంటికి తెచ్చి వేసుకున్నాడు. తప్పెట కొట్టాడు. నొప్పి లేదు. సంతోషంతో చొక్కా అందుకున్నాడు. అందుకుని ఆగిపోయాడు. మాత్రల పొట్లం జేబులో దాచింది గుర్తొచ్చింది. సీసాలో సున్నపు బిళ్ళలు పోసింది గుర్తొచ్చింది. దాచి దాచి కాళ్ళు పోగొట్టుకోబోయాడు. తొడుగు విప్పి మళ్ళీ ఇద్రీస్ మియా కొట్టుకి నడిచాడు.

"మియా, దీని మీద ఎర్రగుడ్డ వెయ్యి. చొక్కా పైన తొడుక్కుంటాను. గొంది ఆ చివరికి కనబడాలి."

మే డే ఊరేగింపుకి యూనియన్ వాళ్ళ జెండాలు కుట్టగా మిగిలిన ఎర్రగుడ్డ మూలన ఉంది. మియా తీసి దులిపాడు. "ఇది వేస్తే యూనియన్ వాళ్ళు మీ ఛాతీ మాదే అంటారు దాదా."

"అననీ. నలబై ఏళ్ళు డాకులో చాకిరీ సేసిన ఛాతీయే గదా. ఆళ్ళకీ వాటా ఉన్నాది."

పండగనాడు ఎండ చండ్రనిప్పులు చెరుగుతోంది. ఘటం సిద్ధమైంది. మేళం గుండ్రంగా నిలబడింది. గవరయ్య తప్పెట వేసుకున్నాడు గాని ముందు చోటులోకి అడుగు పెట్టలేదు. గజ్జెల చప్పుడు వినిపించి అందరూ తిరిగారు. కూర్మయ్య వస్తున్నాడు. తెల్లచొక్కా మీద ఎర్రటి రవిక. దాని మీద తప్పెట. వెనక దాలమ్మ, పసుపునీళ్ళ చెంబుతో.

ముందు గుసగుసలు, తర్వాత కుర్రాళ్ళ కిచకిచలు. ఎవడో ఈల వేశాడు. కూర్మయ్య తిన్నగా నడిచి ముందు చోటులో నిలబడి, చుట్టూ ఒకసారి చూశాడు.

"అవును. కోయించుకున్నాను. బతికున్నాను. నవ్వీవోళ్ళు ఇప్పుడే నవ్వీయండి. పాట మధ్యన నవ్వితే తాళం తప్పుతాది."

ఎవరూ నవ్వలేదు. గురువులు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కూర్మయ్య గుడి వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, "తల్లీ, ఎద్దొచ్చింది" అని గొణిగి, దరువు వేశాడు.

ఆ దెబ్బ పాత దెబ్బే. గొందిలో కుక్క లేచి కూర్చుంది. పక్క గొంది ముసలమ్మ కొబ్బరికాయ చంకన పెట్టుకుని మలుపు తిరిగింది. కూర్మయ్య పాట ఎత్తాడు. గొంతు కొంచెం సన్నబడింది, ఆయాసమూ వచ్చింది. కానీ ఒక్క చరణమూ విడవలేదు. మూడో పాటలో గంతు వేసి దిగేటప్పుడు ఎడమ కాలు తొట్రుపడింది. మేళం ఉలిక్కిపడింది. గవరయ్య ఒక్క గెంతులో బావ భుజానికి భుజం ఆనించి, "ఏటి బావా, ఎద్దు మోకరిల్లిందేటి?" అన్నాడు ఆడుతూనే.

"నాగలి నీ సేతిలో ఉంటే మోకరిల్లక ఏటి సేస్తాది!" అన్నాడు కూర్మయ్య. ఇద్దరూ నవ్వుతూనే తాళం అందుకున్నారు.

పాట ముగిశాక గురువులు హారతి పళ్ళెం పట్టుకుని మెట్టు దిగాడు. ఏటేటా మొదటి హారతి పాట ఎత్తినవాడికి ఇస్తారు. తిన్నగా కూర్మయ్య ఎదుటికి వచ్చి పళ్ళెం చాపాడు.

ఆ తర్వాత కూర్మయ్య ఆరు పండగలు చేశాడు. జబ్బు నిద్రపోయిందేగాని చచ్చిపోలేదని ఆయనకి తెలుసు. మూడు నెలలకోసారి సేన్‌గుప్తకి కనిపించి వచ్చేవాడు. తెల్లవారి వరసలో ఎవరైనా లోపల ఆలస్యం చేస్తే, బయట నిలబడి అందరూ వినేలా అడిగేవాడు: "ఏమయ్యా, సరుకు దిగడంనేదా? సిగ్గెందుకు? బయటికి రా, నాతో ఆసుపత్రికి నడు. నవ్వీవోళ్ళని నాను సూసుకుంటాను." అలా తీసుకెళ్ళినవాళ్ళలో చాలామందికి కేన్సరు లేదు, ఉత్త వాపే. వాళ్ళలో ఒకాయన వెంకటరత్నం. కొట్టు మూసి, తల వంచుకుని, కూర్మయ్య వెనకే బస్సెక్కాడు. కూర్మయ్య ఆయన పాత మాట ఎత్తలేదు. టిక్కెట్టు తనే కొన్నాడు.

ఏడో ఏట జబ్బు మేలుకుంది. పండగ రాకముందే ఆయన కన్నుమూశాడు. బల్లియా కూలీ పాడె మోశాడు.

ఆ వైశాఖంలో మేళం ముందు నిలవమని గురువులు గవరయ్యని పిలిచాడు. గవరయ్య కదల్లేదు. ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషి, ఛాతీ ఏనాడూ సలపని మనిషి, అక్క గుమ్మం ముందుకెళ్ళి చెయ్యి చాపాడు.

"అక్కా, బావ రవిక ఇయ్యి."

దాలమ్మ పెట్టెలోంచి ఎర్ర తొడుగు తీసింది. అది గవరయ్యకి పొట్ట దగ్గర బిగుతైంది. ఇద్రీస్ మియా పక్కలు విప్పి, ఇంకొంచెం ఎర్రగుడ్డ అతికి, వదులు చేసి ఇచ్చాడు.